గాజు గుండెలో నీటి సుడులు

ప్రవహించే నీటిని చూశామని మనమందరం అంటూ ఉంటాం. నిజానికి మనం చూసింది నీటిని కాదు. నీటి మీద తేలిపోయే ఆకును చూశాం, నురుగును చూశాం, బురద చారను చూశాం, అల మీద విరిగిన ఎండను చూశాం. తేటనీరు నిండుగా పారుతున్న గాజు గొట్టాన్ని మీ ఎదుట ఉంచి, అందులో నీరు నిలిచి ఉన్నదా, సెకనుకొక మీటరు చొప్పున పరుగెత్తుతున్నదా అని అడిగితే ఎంతటి పండితుడైనా చెప్పలేడు. అంతటా ఒకే తీరుగా, ఒకే తేటదనంతో ఉన్న పదార్థం ఎంత కదిలినా కంటికి కదలిక లేనట్లే.

మా రాజమండ్రిలో వరద రోజుల్లో పడవవాళ్లు గోదావరి వంతెన స్తంభాల దాపునకు పోయేవారు కారు. అక్కడి సుడి ఎంత బలమైనదో పైన గిరగిర తిరిగే చెత్తా చెదారాన్ని బట్టి అంచనా కట్టేవారు. ఆ అంచనా చాలావరకు సరిగానే ఉండేది. కాని అది పైపొర కథ మాత్రమే. ఆ సుడి అడుగున ఎటు తిరుగుతున్నదో, ఎక్కడ కిందికి గుంజుతున్నదో, గుంజిన నీటిని ఎక్కడ తిరిగి పైకి వదులుతున్నదో చెప్పగలవాడు ఆ రేవులో ఒక్కడూ లేడు. ప్రవాహాలను అధ్యయనం చేసిన శాస్త్రజ్ఞుల ఇబ్బంది కూడా చాలాకాలం అదే. ద్రవాల చలనాన్ని వర్ణించే సమీకరణాలు 19వ శతాబ్దం నడిమికే నేవియర్, స్టోక్స్ మొదలైనవారి చేతుల మీదుగా సిద్ధమైనాయి. వాటి జవాబును నిజమైన ప్రవాహంతో, లోతూ వెడల్పూ ఎత్తూ మూడింటిలోనూ సరిచూసుకొనే కన్ను మాత్రం మరొక నూట యాభై ఏళ్లకు గాని లభించలేదు.

నేను ముప్పై మూడేళ్లు డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించాను. బెర్నూలీ సూత్రాన్ని ఏటేటా నల్లబల్ల మీద రాశాను. అయినా ప్రవాహాన్ని కళ్లారా చూడటమనే విషయం నాకు ఒక పాఠంగానే ఉండిపోయింది, మా చెల్లెలి గుండెలో కర్బనపు తలుపులు అమర్చేవరకు.

ఆమెకు చిన్నతనంలో మాటిమాటికీ గొంతునొప్పి వచ్చేది. ఆ వెనుక కీళ్లవాపుతో జ్వరం. మన దేశంలో ఎందరో పిల్లలకు వచ్చే జబ్బే అది. గొంతులో చేరిన క్రిములతో పోరాడవలసిన దేహశక్తి, పొరపాటున గుండె కవాటాలనే దెబ్బతీస్తుంది. ఆ గాయం పదేళ్లకో, ముప్పై ఏళ్లకో బయటపడుతుంది. ఆమె విషయంలో ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ నడుమ ఉన్న కవాటం గట్టిపడి ఇరుకైపోయింది. 2009లో శస్త్రచికిత్స జరిగింది. పాత కవాటం స్థానంలో ఒక వలయం, అందులో కీళ్ల మీద తెరుచుకొని మూసుకొనే రెండు అర్ధచంద్రాకారపు రేకులు. రోజుకు సుమారు లక్షసార్లు అవి తెరుచుకుంటాయి. రాత్రి ఇల్లు సద్దుమణిగాక పక్కగదిలోనికి కూడా వాటి చప్పుడు సన్నగా వినిపించేది. మొదట్లో ఆమెకు నిద్రపట్టేది కాదు. ఆరునెలలు గడిచేసరికి చప్పుడు వినిపించకపోతేనే ఉలిక్కిపడి లేచేది.

ఇటువంటి కవాటం పెట్టినవారు జీవితాంతం నెత్తురు గడ్డకట్టకుండా మాత్ర వేసుకోవాలి. ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డ. ఆకుకూరలు కూడా ఒకనాడు కుప్పగా, ఒకనాడు శూన్యంగా తినకూడదు. వాటిలోని విటమిన్-కె మందు పనిని తారుమారు చేస్తుంది. గోంగూరను లెక్కపెట్టుకొని తినవలసిరావడం గోదావరి జిల్లా ఆడపడుచుకు చిన్న శిక్ష కాదు. అన్నిటినీ పాటిస్తున్నా 2016 వేసవిలో ఒకనాడు ఆమెకు ఆయాసం వచ్చింది. ఆసుపత్రిలో ఎక్స్-రే తెర మీద గుండెను చూపించారు. రెండు రేకులలో ఒకటి చకచకా ఆడుతున్నది. రెండవది కొయ్యబారినట్లు నిలిచిపోయింది. కీలు దగ్గర చిన్న గడ్డ. రాత్రంతా నరంలోనికి గడ్డను కరిగించే మందు ఎక్కించారు. తెల్లవారి చూస్తే రెండవ రేకు మెల్లగా కదిలింది. ఆ తెర మీద అంత చిన్న కదలిక కోసం నేను దేవుడికి ఎన్ని మొక్కులు మొక్కానో ఇప్పుడు చెప్పుకోవడం అనవసరం.

వైద్యుడు ఒక కాగితం మీద వలయం, రేకు, కీలు గీసి, "ఇక్కడ నెత్తురు కొంచెం ఆగుతుందండీ. ఆగినచోట పేరుకుంటుంది" అన్నాడు. ఇంటికి వచ్చాక చెల్లెలు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి అడిగింది: "అన్నయ్యా, అక్కడ ఆగుతుందని వాళ్లకెలా తెలిసింది? లోపలికి పోయి చూశారా ఎవరైనా?"

ఈ ప్రశ్నకు జవాబు వెతకబోతే అది నన్ను ఐదు వందల ఏళ్ల వెనక్కు తీసుకుపోయింది. 1513 ప్రాంతంలో ఇటలీలో లియొనార్డో డా విన్చీ ఎద్దు గుండెలను కోసి పరిశీలిస్తూ, బృహద్ధమని మొదట్లో ఉన్న మూడు రేకుల కవాటం వెనుక మూడు చిన్న ఉబ్బులు ఉండటం గమనించాడు. అక్కడ నెత్తురు సుడి తిరుగుతుందనీ, ఆ సుడులే రేకులను లోపలివైపు తోసి మూయడానికి సాయపడతాయనీ ఊహించి బొమ్మలు వేశాడు. అంతటితో ఆగలేదు. ఎద్దు గుండెలోనికి మైనం పోసి అచ్చు తీయడం, దానిని బట్టి గాజుతో నమూనా తయారుచేయడం, అందులో నీరు పారించి, నీటితోపాటు గడ్డిగింజలు వదిలి సుడులను చూడటం — ఈ ఉపాయమంతా తన కాగితాలలో రాసిపెట్టుకున్నాడు. ఆ ఉబ్బులకు తన పేరు తెచ్చిపెట్టిన వాల్సాల్వా అనే శరీరశాస్త్రజ్ఞుడు పుట్టడానికి అప్పటికి ఇంకా నూట యాభై ఏళ్లున్నాయి. 1960ల చివర ఆక్స్‌ఫర్డ్‌లో బెల్‌హౌస్ కవాటపు నమూనాలో ద్రవం పారించి చూచినప్పుడు ఆ సుడులు నిజంగానే కనిపించాయి.

గాజు, నీరు, గింజలు, వెలుతురు. నేటికీ పద్ధతి ఇంతే. మారినదల్లా గింజ పరిమాణమూ, వెలుతురు జాతీ, చూసే కళ్ల సంఖ్యా.

నడుమ జరిగిన సంగతులను నేను ఇక్కడ త్వరగా దాటిపోతాను. 1883లో మాంచెస్టరులో ఆస్బర్న్ రెనాల్డ్స్ గాజు గొట్టంలో పారే నీటిలోనికి సన్నని రంగు ధారను వదిలాడు. నెమ్మదిగా పారేటప్పుడు అది దారంలా తిన్నగా సాగింది. ఒక హద్దు దాటగానే చెదరి నీరంతా రంగెక్కింది. 1904లో లుడ్విగ్ ప్రాంటిల్ చేతితో తిప్పే చక్రమున్న నీటితొట్టిలో మెరిసే ఖనిజపు రేణువులు చల్లి, గోడను ఆనుకొని ఉన్న పలుచని పొరలో నీరు ఎలా వెనుకబడుతుందో, ఎలా గోడను వీడి సుడులుగా మారుతుందో చూపించాడు. విమాన శాస్త్రమంతా ఆ పొర మీద నిలిచి ఉన్నదంటే అతిశయోక్తి కాదు. ఆయన పనిచేసిన జర్మనీలోని గ్యోటింగెన్ నగరం మన కథలోనికి మళ్లీ వస్తుంది.

ఇవన్నీ కళ్లకు పండుగే. కాని బొమ్మ వేరు, కొలత వేరు. సుడి ఉన్నదని చూపడం ఒకటి; ఆ సుడిలో ఈ చోట నెత్తురు సెకనుకు ఎన్ని సెంటీమీటర్లు కదులుతున్నదని చెప్పడం మరొకటి. కవాటం తయారుచేసేవానికి కావలసింది రెండవది. లేజరు వచ్చిన కొద్ది ఏళ్లకే, 1964లో, అమెరికాలో యే, కమిన్స్ అనే ఇద్దరు, కదిలే రేణువు నుంచి చెదరి వచ్చే కాంతి పౌనఃపున్యంలోని స్వల్పమైన మార్పును బట్టి వేగం చెప్పవచ్చునని నిరూపించారు. రైలు కూత దగ్గరవుతూంటే ఒక శ్రుతిలో, దూరమవుతూంటే మరొక శ్రుతిలో వినబడటానికి కారణమైన సూత్రమే అది. కొలత ఖచ్చితమైనది. అయితే ఒకసారికి ఒక్క బిందువు! గోదావరి ఒడ్డున ఒక్క సూదిమొనంత చోటును చూస్తూ కూర్చొని నది స్వభావం గ్రహించినట్లు.

తరువాతి మలుపు సులభంగా చెప్పగలిగినది. ద్రవంలో సన్నని రేణువులు కలపాలి. లేజరు కాంతిని పలుచని పలకలాగా పరచి, ఆ పలకలో ఉన్న రేణువులను మాత్రమే వెలిగించాలి. క్షణంలో అతిస్వల్ప భాగం తేడాతో రెండు ఛాయాచిత్రాలు తీయాలి. ఏ రేణువు ఎంత జరిగిందో కొలిచి కాలంతో భాగిస్తే వేగం. 1984లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ ఏడ్రియన్ ఈ పద్ధతికి సిద్ధాంతపు పునాది వేశాడు. ఆ రోజుల్లో రెండు వెలుగులూ ఒకే ఫిల్ము మీద పడేవి. నెగెటివ్‌ను కడిగి, దానిలో చోటుచోటునా సన్నని లేజరు పుంజం పంపి, అవతల తెర మీద ఏర్పడే చారల ఎడాన్ని కొలిచి వేగం రాబట్టేవారు. ఒక్క చిత్రానికి గంటలు పట్టే చాకిరీ. 1991లో విలర్ట్, ఘరీబ్ అనే ఇద్దరు ఫిల్మును పక్కకు నెట్టి ఎలక్ట్రానిక్ కెమేరాతో, కంప్యూటరు లెక్కతో ఆ పని చేసి చూపారు. ఈ ఘరీబే 2002లో మరి ముగ్గురితో కలిసి లియొనార్డో ప్రవాహ దర్శన విద్య మీద వ్యాసం రాశాడు. గురువును ఆలస్యంగా గుర్తుపట్టిన శిష్యుడన్నమాట!

నా దగ్గర చదివిన ఒక కుర్రవాడు ఇప్పుడు దక్షిణాదిలో ఒక పెద్ద సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడు. చెల్లెలి ప్రశ్నను నేను అతనికి ఉత్తరంలో రాశాను. "రండి మాస్టారూ, చెప్పడమెందుకు, చూపిస్తాను" అని జవాబిచ్చాడు. 2019 జనవరిలో వెళ్లాను.

చీకటి గది. తలుపు మీద ఎర్రదీపం. లోపలికి పోయేముందు నారింజరంగు కళ్లద్దాలు ఇచ్చారు. ఆ లేజరు ఒక్క మెరుపు సూటిగా కంట పడినా చూపు పోవచ్చు. నడుమ బల్ల మీద గాజువలె తేటగా ఉన్న ప్లాస్టిక్ గుండె గది. ఒక మోటారు ముషలకాన్ని ముందుకూ వెనక్కూ నడుపుతూ నిమిషానికి 70 సార్లు ద్రవాన్ని అందులోనికి తోస్తున్నది. నడిమి వలయంలో రెండు నల్లని రేకులు. చెల్లెలి గుండెలో ఉన్నటువంటివే. టిక్కు, టిక్కు. మా ఇంట్లో పదేళ్లుగా వింటున్న చప్పుడును అక్కడ ఒక పరికరం నుంచి వింటే నాకు కొంతసేపు మాట రాలేదు.

ఆ ద్రవం ఉత్త నీరు కాదు. నీటికీ ప్లాస్టిక్‌కూ కాంతిని వంచే గుణంలో తేడా ఉన్నందువల్ల వంపులున్న గోడల గుండా చూస్తే లోపలిదంతా వంకరగా కనబడుతుంది. మా తరగతిలో నేను గ్లిసరినులో గాజుకడ్డీని ముంచి మాయం చేసి చూపేవాణ్ణి. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. రెండింటి వక్రీభవన గుణకాలూ ఒకటైతే వాటి నడుమ సరిహద్దు కాంతికి తెలియదు. ఇక్కడా అదే ఉపాయం. నీరు, గ్లిసరిను, సోడియం అయోడైడ్ — ఈ మూడింటిని పాళ్లు తప్పకుండా కలిపితే ద్రవం చిక్కదనంలో నెత్తురును, కాంతిని వంచడంలో ప్లాస్టిక్‌ను పోలి ఉంటుంది. పంపు పనిచేస్తూంటే గుండె గోడలు అదృశ్యమై, నల్లని రేకులు రెండూ శూన్యంలో రెక్కలల్లార్చినట్లు కనిపించాయి. కొన్నాళ్లకు ఆ ద్రవం పచ్చబారుతుందట. అప్పుడు ఒక చిటికెడు హైపో వేస్తారు. ఫొటో స్టూడియోల వెనుకగదిలో మా తరం వారు వాసన చూసిన హైపోయే!

అందులో కలిపిన రేణువులు లోపల బోలుగా ఉన్న గాజు పూసలు, ఒక్కొక్కటి మిల్లీమీటరులో వందవ వంతు. ద్రవం కంటె బరువైతే మునుగుతాయి, తేలికైతే తేలుతాయి, పెద్దవైతే ప్రవాహం మలుపు తిరిగినా తాము తిరగక నేరుగా పోతాయి. మంచి గింజ ఎలా ఉండాలంటే, తనకంటూ ఒక ఇష్టం ఉండకూడదు.

లేజరు మెరిసింది. ఆకుపచ్చని పలక గుండె గదిని నిలువునా కోసింది. ఆ పలకలో వేలకు వేలు చుక్కలు. ఒక్కొక్క మెరుపు సెకనును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో కొద్ది భాగాల సేపు మాత్రమే ఉంటుంది. అందుచేత ఎంత వేగంగా పోయే రేణువైనా గీత కాక చుక్కగానే పడుతుంది. సెకనులో రెండువేలవ వంతు గడిచాక రెండవ మెరుపు. వేల చుక్కలలో ఏది ఏదని ఎలా గుర్తుపట్టడం? కంప్యూటరు ఒక్కొక్క చుక్కను వెతకదు. చిత్రాన్ని చిన్న చిన్న గళ్లుగా కోసి, గడికి పది పన్నెండు చుక్కలున్న ముగ్గును పట్టుకుంటుంది. మొదటి చిత్రంలోని ముగ్గును రెండవ చిత్రం మీద అటూ ఇటూ జరిపి, ఎక్కడ చుక్క మీద చుక్క కుదురుతుందో చూస్తుంది. రెండు ట్రేసింగు కాగితాలను కిటికీ అద్దానికి ఆనించి కలిపినట్లే. ఎంత జరిపితే కుదిరిందో అంత దూరం ఆ ముగ్గు పోయిందన్నమాట. కొద్దిసేపటికి తెర మీద వేలకొద్దీ చిన్న బాణాలు నిలిచాయి. రేకు వెనుక, కీలుకు సమీపంలో, బాణాలు ఒక గుండ్రని వలయంగా కూర్చున్నాయి.

"ఇదేనా మా చెల్లెలికి గడ్డకట్టిన చోటు?" అన్నాను.

"అదే మాస్టారూ, దీన్ని చూసి చెప్పలేం" అన్నాడు అతను.

అతని మాట నాకు మొదట అర్థం కాలేదు. వివరించాక తెలిసింది, నేను ప్రయాణం చేసి వచ్చింది ఈ ఒక్క సంగతి కోసమేనని. కాంతి పలక మందం సుమారు ఒక మిల్లీమీటరు. దానిలో సుడి మూసుకున్న వలయంలా కనిపిస్తున్నది. అయితే నిజమైన ప్రవాహానికి మూడవ దిక్కు ఉన్నది. ద్రవం ఆ వలయంలో తిరుగుతూనే పలకకు అడ్డంగా మెల్లగా పక్కకు జారిపోతూ ఉండవచ్చు, స్క్రూ మర చుట్టూ తిరుగుతూ ముందుకు సాగినట్లు. అదే నిజమైతే అక్కడి నెత్తురు ప్రతి కొట్టుకొనుటకూ కొత్తది. గడ్డకట్టే భయం తక్కువ. లేదా నిజంగానే అన్నివైపులా దారి మూసుకొని అదే నెత్తురు పదేపదే అక్కడే తిరుగుతూ ఉండవచ్చు. అప్పుడు అది ప్రమాదస్థలం. రెండు సందర్భాలలోనూ పలక మీద బొమ్మ ఒక్కటే! తేడా అంతా బొమ్మకు అందని దిక్కులో ఉన్నది. పడవవాడు గోదావరి పైపొరను చూసినట్లే, ఈ పరికరం ఒక నడిమిపొరను చూస్తున్నది.

ఆ మూడవ దిక్కు కోసం మొదట రెండు కెమేరాలు వచ్చాయి. మన రెండు కళ్లవలె రెండు వైపుల నుంచి ఏటవాలుగా ఒకే పలకను చూస్తాయి. ఏటవాలుగా చూస్తే పలకలో ఒక అంచు స్పష్టంగా, ఒక అంచు మసకగా పడుతుంది. దీనికి విరుగుడు ఎప్పుడో తయారై ఉన్నది: విమానాలు లేని రోజుల్లో, బెలూన్ల నుంచి వంకరగా తీసిన ఛాయాచిత్రాలతో పటాలు గీయడానికి థియొడోర్ షైంప్‌ఫ్లూగ్ అనే ఆస్ట్రియా సైనికోద్యోగి 1904లో పేటెంటు తీసుకున్న పద్ధతిలో, ఫిల్మును, కటకాన్ని తగిన కోణంలో వంచుతారు. అలా వేగపు మూడు అంశాలూ తెలుస్తాయి. కాని చూసేది ఇప్పటికీ ఒక్క పలకనే.

పలకకు బదులు ఒక ఘనపు దిమ్మెనంతా వెలిగిస్తే? వెలిగించడం కష్టం కాదు. అర్థం చేసుకోవడమే కష్టం. చీకటి పొలంలో రెండు లాంతర్లు ఉన్నాయనుకోండి. రెండు గట్ల మీద ఇద్దరు మనుషులు నిలబడి తమకు కనబడిన వెలుగుల దిక్కుగా గీతలు గీస్తారు. ఒక్కొక్కరివి రెండేసి గీతలు. అవి నాలుగు చోట్ల ఖండించుకుంటాయి. రెండు చోట్ల లాంతర్లు నిజంగా ఉన్నాయి. మిగిలిన రెండూ మాయలాంతర్లు. పది లాంతర్లైతే నూరు ఖండనలు. అందులో తొంభై బూటకం. ఈ రంగంలోనివారు వాటిని దయ్యాలనే పిలుస్తారు. శాస్త్రవేత్తలు దయ్యాలను నమ్మరని ఎవరన్నారో గాని, వీరు వాటిని లెక్కపెడతారు కూడా.

మూడవ గట్టు మీద, నాలుగవ గట్టు మీద మనుషులను నిలబెడితే దయ్యాలు చాలావరకు తొలగిపోతాయి. స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరంలో 1990ల మొదట్లో, భూమి సర్వే చేసేవారి గణితాన్ని వాడి అనేక కెమేరాలతో రేణువులను ఒక్కొక్కటిగా వెంబడించారు. అయితే రేణువులు పలుచగా ఉంటేనే అది సాధ్యమైంది. 2006లో హాలెండులోని డెల్ఫ్ట్‌లో ఎల్సింగా, స్కరానో, వారి సహచరులు వేరొక దారి పట్టారు. ఆసుపత్రిలోని సి.టి. యంత్రం అనేక కోణాల నుంచి తీసిన నీడలతో దేహపు లోపలి రూపాన్ని లెక్కగట్టినట్లు, నాలుగు కెమేరాల చిత్రాలతో దిమ్మెలోని ప్రతి చిన్న ఘనపు గడిలోనూ ఎంత వెలుగున్నదో లెక్కగట్టారు. పది లక్షల చుక్కల చిత్రంలో యాభై వేల రేణువులున్నా ఈ పద్ధతి తట్టుకోగలిగింది. ఆ తరువాత ముగ్గులను జరిపి కలపడం మామూలే. కాగితం మీద కాక దిమ్మెలో.

దయ్యాలు అప్పటికీ పూర్తిగా వదలలేదు. వాటిని వదిలించిన ఉపాయం నాకు మరీ ముచ్చటగా తోచింది. నిజమైన రేణువుకు గతం ఉంటుంది. నిన్న ఇక్కడున్నది, నేడు అక్కడున్నది, రేపు ఇంచుమించుగా ఫలానా చోట ఉండాలి. దయ్యానికి గతం లేదు. ఒక చిత్రంలో పుట్టి మరుచిత్రంలో మాయమవుతుంది. కనుక చిత్రాలను జతలుగా గాక వరుసగా తీసి, ప్రతి రేణువు రాబోయే చోటును ముందే ఊహించి, ఆ ఊహను కొద్దిగా అటూ ఇటూ కదిలించి చిత్రంతో సరిచూస్తే, నిలిచినవి నిజం. ఈ పద్ధతిని షాంజ్, గెసెమాన్, ష్రోడర్ 2016లో వివరంగా ప్రకటించారు. వారు పనిచేసింది ప్రాంటిల్ పనిచేసిన గ్యోటింగెన్‌లోనే.

ఇంత శ్రమా కవాటాలకు అవసరమా అని మీరు అడగవచ్చు. 1990ల మధ్యలో ఐరోపాలో రోగులకు అమర్చి చూసిన ఒక కొత్త రెండు రేకుల కవాటానికి ఎదురుచూడనంతగా గడ్డలు కట్టాయి. దానిని ఆపివేయవలసి వచ్చింది. తరువాత అదే కవాటపు కీలు గుంతను తేటగా కనిపించే ప్లాస్టిక్‌తో తయారుచేసి లేజరుతో పరిశీలిస్తే, ఆ చిన్న గుంతలో సుడులు, నెత్తురు నిలిచిపోయే మూలలు బయటపడ్డాయి. కీలు అందంగా ఉన్నది, గట్టిగా ఉన్నది. నెత్తురు అందులో ఎటు పోతుందన్నది రోగుల దేహాలే ముందు చెప్పాయి, పరికరాలు వెనుక చెప్పాయి. వరస తలకిందులైంది. నా దృష్టిలో ఈ విద్యకు అంతకంటె పెద్ద ప్రయోజనం అడగనక్కరలేదు. ఆ వరసను సరిచేయగలిగితే చాలు. మన దేశంలో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం స్వదేశీ కవాటం కోసం సంవత్సరాల తరబడి శ్రమించి, తొలి నమూనాలు విఫలమైనా వదలక, 1990లో మొదటిసారి ఒక రోగికి అమర్చింది. విఫలమైన నమూనాలు ప్రయోగశాలలోనే విఫలమైనాయి. అది కదా కావలసింది.

అయితే ఈ కళ్లకు ఒక హద్దు ఉన్నదని నా శిష్యుడే చెప్పాడు. ఇవి వెలుతురుతో చూస్తాయి. నెత్తురు వెలుతురును పోనివ్వదు. కనుక చెల్లెలి గుండెలోనికి ఇవి ఎన్నటికీ తొంగిచూడలేవు. అక్కడ ధ్వని తరంగాలతో చేసే పరీక్షే శరణ్యం; అది తన పుంజం పోయే దిక్కులోని వేగాన్నే సరిగా చెబుతుంది. పైగా ప్లాస్టిక్ గది బిగుసుకొని ఉంటుంది, మనిషి గుండె గోడ ముడుచుకుంటుంది. గ్లిసరిను గడ్డకట్టదు. ఇవన్నీ విని నేను నిరాశపడలేదు. తన పరికరం ఏమి చెప్పలేదో ముందుగా చెప్పిన మనిషి, ఏమి చెబుతుందన్న విషయంలోనూ నమ్మదగినవాడు.

తిరిగివచ్చేటప్పుడు అతను నాలుగు కెమేరాలతో తీసిన ఒక చిత్రమాలికను నాకు ఇచ్చాడు. వేలాది సన్నని దారాలు, ఒక్కొక్కటి ఒక పూస నడిచిన దారి. రేకులు తెరుచుకోగానే దారాలు మూడు పాయలుగా ముందుకు దూకుతాయి. మూసుకోగానే కీళ్ల దగ్గర కొన్ని దారాలు చుట్టుకుంటాయి. దిమ్మెను తెర మీద పక్కకు తిప్పి చూస్తే, ముందు నుంచి మూసిన వలయంలా కనబడినది నిజానికి పొడవైన చుట్ట. చాలా దారాలు దాని అంచు నుంచి జారి మళ్లీ పెద్ద ప్రవాహంలో కలుస్తున్నాయి. అన్నీ కాదు. కొన్ని రెండు, మూడు కొట్టుకోళ్ల పాటు అక్కడే ఉండిపోయాయి. వాటిని అతను ఎర్రరంగులో చూపాడు. లెక్కపెడితే కొద్ది మాత్రమే.

చెల్లెలు ఆ చిత్రాన్ని నా మనుమడి కంప్యూటరులో నాలుగుసార్లు చూసింది. మొదటి రెండుసార్లు ఏమీ అనలేదు. మూడవసారి ఎర్ర దారాల దగ్గర ఆపమన్నది. తెర మీద వేలు పెట్టి, "అన్నీ పోతున్నాయి, ఇవే పోవడం లేదు" అన్నది. మాత్ర ఎందుకు వేసుకోవాలో ఆమెకు వైద్యులు ఎన్నోసార్లు చెప్పారు. ఆనాటి నుంచి రాత్రి ఎనిమిదింటికి నేను గుర్తుచేయవలసిన అవసరం కలగలేదు.

నాలుగవసారి చూశాక మరొక ప్రశ్న వేసింది. "ఇది నిమిషానికి డెబ్బై అన్నావు. నేను కూర్చున్నప్పుడు డెబ్బై. మేడ మెట్లెక్కితే నూటపది దాటుతుంది. అప్పుడు ఈ ఎర్రవి ఎక్కువవుతాయా, తక్కువవుతాయా?"

దానిని ఉన్నదున్నట్లు నా శిష్యునికి రాశాను. మోటారు మార్చవలసి ఉంటుందనీ, కెమేరాలను మళ్లీ మొదటి నుంచి సరిచూసుకోవలసి ఉంటుందనీ, అయినా చేస్తామనీ రాశాడు. పరిశోధక విద్యార్థిని ఒకరు ఆ ప్రశ్నను కాగితం మీద రాసి ప్రయోగశాల గోడకు అంటించిందట. కింద, అడిగినవారు: మాస్టారి చెల్లెలు, అని.